ఏ హాస్పిటల్ మంచిదని అడిగే ముందు

మా చిలకలూరిపేటలో ఎవరింట్లోనైనా క్యాన్సర్ అని తేలిందంటే, సాయంత్రానికల్లా ఒకే ప్రశ్న వీధంతా తిరుగుతుంది. ఏ హాస్పిటల్ మంచిది? గుంటూరుకు తీసుకెళ్దామా? మంగళగిరి ఎయిమ్స్‌కా? విజయవాడకా? హైదరాబాదే పోదామా? ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. మా బావమరిది ఫలానా చోట చేయించుకున్నాడు, పదేళ్లయింది, దుక్కలా ఉన్నాడు అంటారు ఒకరు. అక్కడికి మాత్రం పోవద్దు, మా పిన్ని మాకు దక్కలేదు అంటారు ఇంకొకరు.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కానీ ఆ రెండు మాటలూ పట్టుకుని హాస్పిటల్ మంచిదో కాదో తేల్చలేమండి. ఎందుకు తేల్చలేమో, మరి దేన్ని చూసి తేల్చాలో, ఈ పావుగంటలో మీతో మాట్లాడతాను. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాళ్లు దగ్గర ఒక కాగితం, పెన్ను పెట్టుకోండి.

మన మిరప చేలనే తీసుకుందాం. ఒక రైతు ఎకరానికి పాతిక క్వింటాళ్లు తీశాడు. ఇంకో రైతు పది క్వింటాళ్లే తీశాడు. ఎవరు మంచి రైతు? ఇంత మాత్రం విని మన పల్నాడులో ఏ రైతూ జవాబు చెప్పడు. నేల ఏదంటాడు. సాగర్ కాలువ నీళ్లు అందాయా అంటాడు. కాలువ మొదట్లోనా, చివరి భూములా అంటాడు. నల్ల తామర పురుగు ఎప్పుడు పడింది, పూతకు ముందా, కాయ పట్టాకా అని అడుగుతాడు. అన్నీ విన్నాక, చివరి భూమిలో, నీళ్లు లేక, పురుగు పడ్డాక కూడా పది క్వింటాళ్లు తీశాడంటే ఆ రెండో అతనే గట్టివాడు అని తేల్చినా తేలుస్తాడు.

క్యాన్సర్ వైద్యాన్ని కొలవడం కూడా అంతే. ఎంతమంది బతికారు అని అడిగే ముందు, ఏ స్టేజీలో వచ్చారు అని అడగాలి.

స్టేజీ అనే మాట మీరు వినే ఉంటారు. జబ్బు పుట్టిన చోటే ఉందా, పక్కనున్న లింఫ్ గ్రంథులకు, అంటే బిళ్లలకు పాకిందా, దూరంగా ఊపిరితిత్తులకో కాలేయానికో ఎముకలకో వెళ్లిందా, అది చెప్పేదే స్టేజీ. ఇది ఎంత తేడా తెస్తుందో మన దేశపు లెక్కలే చెబుతున్నాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లలో, జబ్బు రొమ్ములోనే ఉండగా పట్టుబడితే, ఐదేళ్ల తర్వాత నూటికి దాదాపు 80 మంది మనతోనే ఉంటున్నారు. చుట్టుపక్కలకు పాకాక అయితే 65 మంది. దూరపు అవయవాలకు వెళ్లాక అయితే 20 మంది కూడా మిగలడం లేదు. అదే జబ్బు. పట్టుబడిన వేళ వేరు. ఫలితం వేరు.

ఇప్పుడు రెండు హాస్పిటళ్లు ఊహించుకోండి. ఒకదానికి మొదటి స్టేజీవాళ్లు ఎక్కువ వస్తారు. చదువుకున్నవాళ్లు, ఏటా పరీక్షలు చేయించుకునేవాళ్లు. ఇంకోదానికి అన్ని దారులూ మూసుకుపోయాక, ఉన్న అరెకరం తాకట్టు పెట్టుకుని, పుండు పడ్డాక వచ్చేవాళ్లు ఎక్కువ. పోయినవాళ్లను లెక్కపెట్టి, మొదటిది గొప్పది, రెండోది పనికిరానిది అంటే అన్యాయం కాదా? పెద్దాసుపత్రికి పోతే తిరిగిరారు అనే మాట మన పల్లెల్లో ఎన్నాళ్లుగానో ఉంది. అక్కడికి చేరే వేళకే జబ్బు ముదిరిపోయి ఉంటోందన్న సంగతి ఆ మాట చెప్పదు.

క్యాన్సర్ రోగుల లెక్కలు రాసే జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020లో ఒక నివేదిక ఇచ్చింది. రొమ్ము క్యాన్సర్‌లో నూటికి 57 మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో నూటికి 60 మందికి, నోరు, గొంతు, మెడ క్యాన్సర్లలో 66 మందికి పైగా, జబ్బు చుట్టుపక్కలకు పాకాకే తేలుతోందని అందులో ఉంది. సగానికి మించి మనవాళ్లు ఆలస్యంగా వస్తున్నారన్నమాట. పొగాకు పండించే జిల్లాల వాళ్లం. చుట్టా, గుట్కా మనకు కొత్త కాదు. నోటిలో మానని పుండును నెలల తరబడి పంటి పోటు అనుకుని సరిపెట్టుకునేవాళ్లు మన మధ్యే ఉన్నారు.

ఇంకో ప్రమాదం ఉంది. చావుల లెక్కతోనే హాస్పిటళ్లకు మార్కులు వేయడం మొదలుపెట్టామనుకోండి. అప్పుడు ముదిరిన కేసు వస్తే, మార్కులు పోతాయని వెనక్కి పంపేస్తారు. ఎవరికి వైద్యం ఎక్కువ అవసరమో వాళ్లకే తలుపు మూస్తారు. అందుకే చెబుతున్నాను, స్టేజీ చూడకుండా పోలిక వద్దు.

సరే, మరి దేన్ని కొలవాలి?

అవెడిస్ డొనబేడియన్ అనే వైద్యుడు ఉండేవారు. బేరూట్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డారు. వైద్యం నాణ్యతను ఎలా కొలవాలో 1966లో ఒక వ్యాసం రాశారు. ఈ రోజుకీ ప్రపంచమంతా దాన్నే పట్టుకుని నడుస్తోంది. ఆయన చెప్పింది మన మాటల్లో చెప్పుకుంటే మూడు ప్రశ్నలు. అక్కడ ఏముంది? రోగికి ఏం చేశారు? చివరికి ఏమైంది?

మనం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాం. ఎన్ని అంతస్తులు, ఏ మెషిను, విదేశాల్లో చదివిన డాక్టరు ఉన్నాడా. మెషిను ఉండాల్సిందే, కాదనను. కానీ ఉన్న మెషిను మన మనిషికి వేళకు అందిందా? అది రెండో ప్రశ్న. నా మాట నమ్మండి, రోగి ఇంటివాళ్లు తమంత తాము చూసి కొలవగలిగేది ఈ రెండో ప్రశ్ననే. దీని దగ్గర కాసేపు ఆగుదాం.

ముందుగా, ముక్క పరీక్ష. గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు కదా, బయాప్సీ అంటారు. ఆ రిపోర్టు చేతికి రాకుండా క్యాన్సర్ వైద్యం మొదలుపెట్టడం చాలా అరుదు. రొమ్ము క్యాన్సర్ అయితే ఆ ముక్క మీదే ఇంకో మూడు పరీక్షలు చేయాలి. ఈఆర్, పీఆర్, హర్ టూ. ఇవి ఇంగ్లీషు అక్షరాలే, భయపడకండి. హార్మోను మాత్రలు పని చేస్తాయా, ఫలానా ఇంజెక్షను పని చేస్తుందా అన్నది ఈ మూడూ చెబుతాయి. ఈ పరీక్షలు లేకుండా మందు రాస్తుంటే, మీరు అడగొచ్చు. డాక్టరుగారూ, ఈఆర్, పీఆర్, హర్ టూ చేయించారా అండి? ఇలా అడిగితే కోప్పడే డాక్టరు మంచి డాక్టరు కాదు. మంచి డాక్టరు సంతోషిస్తాడు.

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేశారనుకోండి. తీసిన భాగంలో కనీసం 12 బిళ్లలను వెతికి పరీక్ష చేయాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత. రిపోర్టులో ఆ సంఖ్య రాసి ఉంటుంది. 12 కన్నా బాగా తక్కువ ఉంటే స్టేజీ సరిగ్గా తేలకపోవచ్చు. ఒక్కోసారి అందుకు సరైన కారణమే ఉంటుంది. ఆ కారణం అడిగి తెలుసుకోవాలి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కరెంటు పెడతారు. రేడియేషన్‌ను మనవాళ్లు కరెంటు అంటారు కదా. బయటి నుంచి పెట్టేది ఒకటి, లోపల పెట్టేది ఒకటి. ఈ రెండూ కలిపి, మొదలుపెట్టిన రోజు నుంచి 8 వారాల్లోపు పూర్తి కావాలి. సాగదీస్తే జబ్బు మళ్లీ తలెత్తే అవకాశం పెరుగుతుంది. 8 వారాలు. ఇది గుర్తు పెట్టుకోండి. మెషిను ఆగిపోవచ్చు. రక్తం తగ్గి వాయిదా పడొచ్చు. కానీ మన వల్ల ఆగడమూ ఉంది. పండగని ఊరొచ్చి, నాలుగు రోజులు ఉందాంలే అనుకుంటాం. గది అద్దె కట్టలేక వచ్చేస్తాం. మిరప కోతలకు మనుషులు దొరకడం లేదని జబ్బు పడ్డ ఆవిడే వచ్చేస్తుంది. ఇంటి పని ఆగదు, నిజమే. కానీ జబ్బు కూడా ఆగదండి.

ఆలస్యం ఎంత చెడ్డదో కొలిచి చూశారు. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 2020లో పెద్ద పరిశీలన ఒకటి వచ్చింది. ఆపరేషన్ ప్రతి నాలుగు వారాలు వెనక్కి జరిగితే, చనిపోయే ప్రమాదం 6 నుంచి 8 శాతం పెరుగుతుందని అందులో తేల్చారు. కొన్ని మందులకు, కొన్ని చోట్ల రేడియేషన్‌కు అయితే ఇంకా ఎక్కువే. అంటే వైద్యం నాణ్యతలో ఒక ముఖ్యమైన కొలబద్ద క్యాలెండరు. తారీఖు.

మనవాళ్లకు తారీఖులు గుర్తుండవు. గుంటూరు పెద్దాసుపత్రి ఓపీ ముందు నేను చూసిన సంగతి చెబుతాను. మన వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ బెంచీ మీద కూర్చుని ఉంది. బట్టల షాపు సంచిలో కాగితాలు. స్కాను ఫిల్ములు మడత పెట్టి, మడత దగ్గర తెల్లగా పగిలి ఉన్నాయి. లోపల కుర్ర డాక్టరు ఓపిగ్గానే అడిగింది. గడ్డ ఎప్పుడు కనపడిందమ్మా? కోటప్పకొండ తిరునాళ్లకు ముందు. ముక్క పరీక్ష ఎప్పుడు చేశారు? మిరపకాయలు ఎండబెట్టేటప్పుడు. మొదటి కీమో? మా మనవరాలి ఓణీల ఫంక్షన్ అయిన వారం. ఆ డాక్టరు పెన్ను పక్కన పెట్టి, ఆవిడ కొడుకును కూర్చోబెట్టుకుని, పండగల మీదుగా లెక్కేసుకుంటూ తారీఖులు రాసుకుంది. అరగంట పట్టింది. బయట వందమంది ఉన్నారు.

ఆ అరగంట మనం మిగల్చొచ్చు. అందుకే కాగితం పెన్ను తెచ్చుకోమన్నాను. పిల్లలు రాసుకునే నోటుబుక్కు ఒకటి కొనండి. మొదటి పేజీలో ఇవి రాయండి. గడ్డో, పుండో, రక్తమో మొదట ఎప్పుడు గమనించారు? మొదటిసారి డాక్టరుకు ఎప్పుడు చూపించారు? ముక్క ఎప్పుడు తీశారు? రిపోర్టు ఎప్పుడు వచ్చింది? వైద్యం ఏ రోజున మొదలైంది? ఇంతే. ఐదు తారీఖులు. పక్కన స్టేజీ ఎంతో రాయండి. డాక్టరు చెప్పకపోతే అడిగి రాయండి. తర్వాత పేజీల్లో, వెళ్లిన ప్రతిసారీ ఏం చేశారో ఒక్క ముక్క రాయండి. రేపు వేరే ఊరు వెళ్లాల్సి వస్తే, ముక్క పరీక్ష గాజు స్లైడ్లు, ముక్కను దాచిన మైనం బ్లాకు కూడా అడిగి తీసుకెళ్లండి. అవి లేకపోతే మళ్లీ ముక్క తీయాల్సి రావొచ్చు.

స్టేజీ, తారీఖులు. వీటితో పాటు చూడాల్సింది ఇంకొకటి ఉంది. నిర్ణయం ఎవరు తీసుకున్నారు?

క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసేవాళ్లు ఒకరు. కరెంటు పెట్టేవాళ్లు ఒకరు. మందులిచ్చేవాళ్లు ఒకరు. ముక్క చూసేవాళ్లు ఇంకొకరు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది వీళ్లంతా కూర్చుని మాట్లాడుకుని తేల్చాలి. దాన్ని ట్యూమర్ బోర్డు అంటారు. కొన్ని క్యాన్సర్లకు మందులిచ్చి గడ్డ తగ్గించాకే కత్తి పెట్టాలి. తొందరపడి ముందే కోస్తే తర్వాత సరిదిద్దడం కష్టం. కాబట్టి అడగండి. మా కేసు ట్యూమర్ బోర్డులో పెట్టారా అండి? పెట్టాం అంటే, ఏమనుకున్నారో రాసివ్వమనండి.

ఇలా పద్ధతిగా వైద్యం జరగడం పెద్ద నగరాల్లోనే సాధ్యం అనుకోకండి. మన దేశంలో నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ అని ఒక ఏర్పాటు ఉంది. ముంబయి టాటా మెమోరియల్ ముందుండి నడిపిస్తోంది. 2012లో మొదలైంది. దేశమంతా వందల ఆసుపత్రులు, సంస్థలు అందులో ఉన్నాయి. ఏ క్యాన్సర్‌కు ఏ స్టేజీలో ఏ వైద్యం చేయాలో అందరికీ ఒకే పద్ధతి రాసిపెట్టారు. ముంబయిలో ఉన్నవాళ్లకో మందు, మన ఊళ్లో ఉన్నవాళ్లకో మందు ఉండకూడదన్నదే దాని ఉద్దేశం. విశాఖపట్నంలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో వాళ్లు కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది. మనకు అది నలభై కిలోమీటర్ల దూరం. పొద్దున బస్సెక్కితే ఓపీ టైముకు చేరొచ్చు.

నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. దూరంగా ఉన్న పేరున్న చోట మొదలుపెట్టి సగంలో వదిలేసిన వైద్యం కన్నా, దగ్గర్లో పద్ధతిగా మొదలై పూర్తయిన వైద్యమే మేలు. కరెంటు అంటే వారానికి ఐదు రోజులు, కొన్ని జబ్బులకు ఐదారు వారాలు వెళ్లాలి. హైదరాబాదులో గది తీసుకుని, ఇద్దరు మనుషులు పనులు మానుకుని, ఆరు వారాలు ఉండగలరా? ఉండగలిగితే సరే. అరుదైన జబ్బయితే, దగ్గర్లో ఆ వైద్యం లేకపోతే, వెళ్లక తప్పదు. సలహా కోసం ఒక్కసారి దూరం వెళ్లి రావడం కూడా మంచిదే. కానీ రోజువారీ వైద్యం దగ్గర్లో దొరుకుతున్నప్పుడు పేరు కోసం దూరం పోవద్దు. ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్యసేవ పథకంలో క్యాన్సర్ వైద్యం ఉంది. హాస్పిటల్లో ఆ పథకం పని చూసేవాళ్లు ఉంటారు, వాళ్లను కలవండి.

నొప్పి సంగతి కూడా చెప్పాలి. నొప్పి తగ్గించడం వైద్యంలో భాగం. పదికి ఎంత నొప్పి ఉందమ్మా అని అడిగి రాసుకునే చోటు మంచి చోటు. క్యాన్సర్ అన్నాక నొప్పి ఉండదా, ఓర్చుకోవాలి అనే చోటు కాదు. నోటుబుక్కులో అదీ రాయండి.

ఇక డొనబేడియన్ చెప్పిన మూడో ప్రశ్న. చివరికి ఏమైంది?

నూరేళ్ల కిందట అమెరికాలో, బోస్టన్‌లో, ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జను ఉండేవాడు. ఆయన ఒకటే అడిగేవాడు. ఆపరేషన్ చేసి పంపిన మనిషి ఏడాది తర్వాత ఎలా ఉన్నాడో మనకు తెలియొద్దా? ప్రతి రోగికీ ఒక కార్డు రాసేవాడు. ఏడాదికి ఆ మనిషిని వెతికి పట్టుకుని కార్డులో రాసేవాడు. బాగయ్యాడా, కాలేదా, కాకపోతే ఎందుకు కాలేదు? తన తప్పు ఉంటే తప్పనే రాసేవాడు. ఆయన పనిచేసే పెద్ద హాస్పిటల్ వాళ్లకు ఇది నచ్చలేదు. 1914లో ఆయన ఆ ఉద్యోగం వదిలేశాడు. అప్పటికే సొంతంగా చిన్న ఆసుపత్రి పెట్టుకుని ఉన్నాడు. 1911 నుంచి 1916 వరకు అక్కడ చూసిన 337 మంది లెక్క అచ్చు వేయించాడు. అందులో 123 పొరపాట్లు ఉన్నాయని తానే బయటపెట్టాడు. ఏ డాక్టరు చేస్తాడండి ఆ పని? 1920 ప్రాంతంలో ఎముకల క్యాన్సర్ రోగుల కోసం ఒక రిజిస్ట్రీ మొదలుపెట్టాడు. ఈ రోజు ఉన్న క్యాన్సర్ రిజిస్ట్రీలకు దారి చూపిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. 1940లో ఆయన పోయినప్పుడు సమాధికి పేరు రాసిన రాయి కూడా లేదు. 2014లో డాక్టర్లు చందాలేసుకుని పెట్టించారు.

మన దేశంలోనూ ఆ పని జరుగుతోంది. 11 ప్రాంతాల రిజిస్ట్రీలు రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లను ఏళ్ల తరబడి వెతికి, ఎంతమంది ఐదేళ్లు దాటారో లెక్కగట్టాయి. ఆ లెక్క 2024లో వెలువడింది. ఆ ప్రాంతాలన్నీ కలిపి నూటికి 66 మంది. మిజోరంలో 75 మంది దాకా. అరుణాచల్‌లోని పాసీఘాట్ ప్రాంతంలో 42 మందే. ఒకే దేశం, ఒకే జబ్బు, ఇంత తేడా. ఈ తేడా కనపడితేనే కదా, ఎక్కడ మెషిను కావాలో, ఎక్కడ డాక్టర్లు కావాలో, ఎక్కడ ముందుగా పరీక్షలు చేయాలో ప్రభుత్వాన్ని అడగగలం? మన పల్నాడు ఆడవాళ్లు నూటికి ఎంతమంది ఐదేళ్లు దాటుతున్నారు? ఆ సంఖ్యను అడిగే హక్కు మనకుంది.

కానీ ఆ సంఖ్య తయారయ్యేది మన ఇంటి నుంచే. వైద్యం అయ్యాక మనిషి హాస్పిటల్‌కు రావడం మానేస్తే, అక్కడివాళ్లకు ఏమీ తెలియదు. బాగై రాలేదా? డబ్బుల్లేక రాలేదా? పోయాడా? ఇచ్చిన ఫోన్ నంబరు మారిపోయి ఉంటుంది. లేకపోతే తెలియని నంబరని ఎత్తరు. పుస్తకంలో ఆ పేరు ఎదురుగా ఖాళీ మిగిలిపోతుంది. ఖాళీలు ఎక్కువైతే లెక్క చెడిపోతుంది. రేపు అదే జబ్బుతో మన ఊరివాళ్లే ఇంకొకరు వెళ్తే, వాళ్లకు చెప్పడానికి డాక్టరు దగ్గర ఏమీ ఉండదు.

అందుకని ఇంట్లో క్యాన్సర్ వైద్యం జరుగుతున్నవాళ్లను, జరిగినవాళ్లను ఒకటి కోరుతున్నాను. హాస్పిటల్లో రెండు ఫోన్ నంబర్లు ఇవ్వండి. ఒకటి ఇంటిది, ఒకటి ఊళ్లో ఎప్పుడూ ఉండే చుట్టానిది. నంబరు మారితే చెప్పండి. వాళ్లు ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మనిషి మనకు దక్కకపోయినా సరే, ఆ ఫోన్ పెట్టేయకండి. ఏ తారీఖున పోయారో చెప్పండి.